మా కోడలి పాము పట్టిన కార్తీక నియమం

మా కోడలు కాపురానికి వచ్చినప్పుడు సారెతో పాటు ఒక పామును కూడా తెచ్చుకుంది.

చెప్పకుండా తెచ్చిందని అనడానికి లేదు. పెళ్లిచూపుల రోజే చెప్పింది. విశాఖపట్నంలో వాళ్లింట్లో కాఫీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. "నా దగ్గర ఒక పాముంది ఆంటీ. నేను ఎక్కడికెళ్తే అది అక్కడికి వస్తుంది" అంది. పాము వంకీ కాబోలు, వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన నగ అయి ఉంటుంది అనుకున్నాను. "నీ వస్తువు నీ దగ్గరే ఉంచుకోమ్మా, మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు" అన్నాను. వాళ్లమ్మగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి అత్తగారు ఎక్కడ దొరుకుతారని ఇప్పటికీ అందరికీ చెబుతారట. మా అబ్బాయి మాత్రం తల వంచుకుని నవ్వుకున్నాడు. వాడికి ముందే తెలుసు.

సారె చూడటానికి వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. అరిసెలు చూశారు, మినపసున్ని చూశారు, ఇత్తడి బిందెను వేలితో మోగించి చూశారు. చివరన చీర పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. దాని మూత నిండా సూది బెజ్జాలు.

"అందులో ఏటున్నాదే మరదలా?" అంటూ మా వదిన మూత ఎత్తింది.

వదిన అంటే మా ఆయనకు అక్క, ఆయన అప్ప అని పిలుస్తారు. ఆంధ్ర సరిహద్దు ఊరు గిరిసోలలో కాపురం చేసి, భర్త పోయాక ఒడిశాలో మా ఊరు బరంపురం వచ్చి మా పక్క వీధిలో ఉంటోంది. ప్రతి గురువారం సాయంత్రం మా ఇంట్లో సత్సంగం జరుగుతుంది. పురాణం నేను చదువుతాను. మా నాన్నగారు ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఊళ్లలో పురాణం చెబుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు అది. భజనకు తాళం వదినది. ఏది ఒప్పో ఏది తప్పో తేల్చే మాట కూడా వదినదే.

మూత ఎత్తిన వదిన దాన్ని మళ్లీ మెల్లగా పెట్టేసి చేతులు జోడించింది. "ఓలమ్మ, నీ కోడలు నాగమ్మని ఎంటబెట్టుకొచ్చిందే" అంది. ఆ మాటకు కొందరు దండం పెట్టారు, కొందరు గుమ్మం దాటేశారు. ఒకావిడ గుమ్మం దాటి అవతల నుంచి దండం పెట్టింది.

అది నాగుపాము కాదు. విషం లేదు, పడగ లేదు, మన దేశంది కూడా కాదు. నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు, పొట్ట కింద మొక్కజొన్న పొత్తులో గింజలు పేర్చినట్టు నలుపూ తెలుపూ గళ్లు. అందుకే దాన్ని మొక్కజొన్న పాము అంటారని కోడలు చెప్పింది. చెప్పిన మర్నాడే నేను లేత పొత్తులు తెప్పించి, గింజలు వలిచి, ఉడకబెట్టి, చల్లార్చి గిన్నెలో పోసి దాని ముందు పెట్టబోయాను. కోడలు నవ్వలేదు. గిన్నె నా చేతిలోంచి తీసుకుని, ఉప్పూ నిమ్మకాయా కలుపుకుని తనే తినేసింది. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే. తిన్నాక నెమ్మదిగా చెప్పింది: అది ఎలకలు తింటుందట. ఐసులో గడ్డకట్టిన తెల్ల ఎలకలు భువనేశ్వర్ నుంచి వస్తాయట. వాటికి వేరే చిన్న ఫ్రిజ్ కావాలట.

మాది చేపలు తినే ఇల్లే. అయినా చేప వేరు, ఎలక వేరు. ఆ ఫ్రిజ్‌ను డాబా మెట్ల గదిలో పెట్టించి, పైన పాత దుప్పటి కప్పించాను.

పాముకు కోడలు పెట్టిన పేరు ఇక్కడ రాయను. మా సత్సంగానికి వచ్చే ఒక పెద్దమనిషి పేరు కూడా అదే. ఆయన వచ్చినప్పుడు కోడలు దాన్ని పిలవడం మానేసేది.

మా ఆయనకు గేట్ బజార్‌లో బట్టల కొట్టు. బేరానికి వచ్చిన వాళ్లు ఎంత గట్టిగా మాట్లాడినా తొణకని మనిషి. పాము వచ్చిన నాటి నుంచి పంచె దులపకుండా కట్టుకోలేదు. చెప్పుల్ని గొడుగు మొనతో తిరగేసి చూసి వేసుకునేవారు.

"ఇది ఎంత పెరుగుతాదమ్మా?" అని ఒకరోజు కోడల్ని అడిగారు.

"మీ అంత పెరగదు మావయ్యా. నిలబెడితే మీ భుజం దాకా వస్తుందంతే."

"అంతేనా" అని ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

దాని పెంపకంలో తిండి పెద్ద పని కాదని నాకు త్వరలోనే అర్థమైంది. వారానికో ఎలక, అంతే. పనంతా ఇల్లు మార్చడంలో ఉంది. దానికి ఒంట్లో సొంత వేడి ఉండదు. బయట నుంచి తెచ్చుకోవాలి. అందుకని దాని ఇంట్లో ఒక కొస వెచ్చగా, ఒక కొస చల్లగా ఉండాలి. ఏది కావలిస్తే ఆ కొసకు అదే వెళుతుంది. వెచ్చటి కొస కింద కోడలు ఒక పల్చటి నల్ల మ్యాట్ పెట్టింది. కరెంటుతో వేడెక్కే మ్యాట్. దానికి ఒక తీగ, తీగ చివర చిన్న బొడిపె. ఆ బొడిపె వేడిని కొలిచి, ముప్పై ఒకటి దాటితే కరెంటు ఆపేస్తుంది. గోడకు తగిలించిన చిన్న డబ్బా మీద ఆ అంకె ఎర్రగా వెలుగుతూ కనిపిస్తుంది. నేను పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, తులసికి నీళ్లు పోసి, ఆ అంకె చూసి వంటింట్లోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

చీర డబ్బా నాలుగు నెలలు సరిపోయింది. తరవాత మా అబ్బాయి ఎప్పుడో చేపలు పెంచి, చేపలన్నీ చచ్చాక అటక మీద పడేసిన గాజు తొట్టె దించారు. దాని మూత సరిగ్గా పట్టేది కాదు. మీద లావుపాటి పుస్తకాలు రెండు పెడితే సరిపోతుందనుకున్నాం. ఒక మధ్యాహ్నం చూస్తే పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మూతా ఉంది, పాము లేదు.

మంచాలు ఎత్తి వెతికాం. బియ్యం డబ్బాలో చూశాం. హార్మోనియం తిరగేశాం. మా ఆయన ఇంట్లో పడుకోనని కొట్లో పడుకున్నారు. రెండో రోజు ధైర్యం తెచ్చుకుని వచ్చి, ఇంటర్నెట్ సరిగ్గా రావడం లేదని టీవీ వెనక ఉన్న డబ్బాను ఆపి పెడదామని చెయ్యి పెట్టారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన సోఫా మీద నిలబడి ఉన్నారు.

"ఏటండి?" అన్నాను.

"నెట్ ఎందుకు రాట్లేదో తెలిసింది" అన్నారు.

వెచ్చగా ఉంటుందని ఆ డబ్బా మీద చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది.

ఇదంతా కోడలు ఇంట్లో ఉండగా. అసలు కష్టం ఆమె లేనప్పుడు వచ్చింది. కోడలు బ్యాంకులో పని చేస్తుంది. పోయిన ఏడు దసరా దాటాక ట్రైనింగ్‌కు హైదరాబాద్ రమ్మన్నారు. కార్తీకమాసమంతా అక్కడే ఉండాలి. మా అబ్బాయి గోపాలపూర్ పోర్టులో షిఫ్టులు చేస్తాడు, వాడికి నిద్రకే వేళ చాలదు. మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు.

"అత్తయ్యా, మీరు చూసుకుంటారా?" అంది కోడలు. అడగడానికి ఎంత మొహమాటపడిందో ఆమె ముఖంలో కనిపించింది. "నాకంటూ ఉన్నది అదొక్కటే. అంటే, పెళ్లికి ముందు."

"నానున్నాను గదమ్మా. నువ్వెల్లు" అన్నాను.

అనేశాక భయం పట్టుకుంది. పామంటే కాదు. అది బతికితే కోడలి పాము. చస్తే అత్త చంపిన పాము. బరంపురం నుంచి విశాఖపట్నం దాకా ఏ ఇంట్లో చెప్పుకున్నా రెండో మాట ఉండదు. ఊరి మాట ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఉడికించిన మొక్కజొన్న తినేసిన ఆ పిల్ల ఒక్కతి మనసులో అలా అనుకుంటే చాలు, నేను తట్టుకోలేను.

అందుకే చెప్పినదానికంటే ఎక్కువ చేద్దామనుకున్నాను. పొరపాటు అక్కడే జరిగింది.

తొట్టెలో పాము ఇరుగ్గా ఉంది. వచ్చాక పెద్దది చేయిద్దామని కోడలు అంది. అదే వారం కొట్లో పాత షోకేసు తీసేసి కొత్తది పెడుతున్నారు. ముందు గాజు తలుపు, మూడు పక్కల గాజు, అడుగున మందపాటి ప్లైవుడ్ చెక్క. అందులో పట్టుచీర కట్టిన బొమ్మ ఇన్నేళ్లు నిలబడింది. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, తలుపుకు గడియ వేయించి, గాలికి జాలీ పెట్టిస్తే రాజభవనం. కోడలు వచ్చి చూసి ఆశ్చర్యపోవాలని ఫోన్‌లో చెప్పలేదు. కొట్లోంచి వడ్రంగిని పిలిపించి అన్నీ చేయించాను. మ్యాట్ చెక్క కింద పెట్టించాను. మీద పెడితే పాపం పొట్ట కాలుతుందేమోనని. బొడిపెను మ్యాట్‌కే అంటించాను. అంకె ముప్పై ఒకటి చూపించింది. పామును తొట్టెతో సహా లోపల పెట్టి, కళ్లు మూసుకుని, నామం చెప్పుకుంటూ తొట్టె వంచాను. అది జారి కొత్త ఇంట్లోకి వెళ్లిపోయింది. గృహప్రవేశానికి మా ఆయన గుమ్మం దగ్గర నుంచి కొబ్బరికాయ అందించారు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. వారం పైగా ఎండ పొడ లేదు. గోడలు చెమ్మగిల్లాయి, ఆరేసిన బట్టలు ఆరలేదు. నేను తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి వణుకుతూ వచ్చి అంకె చూసేదాన్ని. ముప్పై ఒకటి. దానికేం, హాయిగా ఉంది అనుకునేదాన్ని.

కార్తీకంలో మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగం. అయినా కోడలికి మాటిచ్చాను. కనుక శుక్రవారం మెట్ల గదిలోంచి ఒక ఎలకను తీసి, కోడలు చెప్పినట్టు గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, పొడుగాటి పట్టకారుతో అందించాను. ముఖం పక్కకు తిప్పుకుని అందించాను. పాము తీసుకోలేదు. మర్నాడు పెట్టాను, తీసుకోలేదు. పై వారమూ తీసుకోలేదు. కోడలికి ఫోన్ చేసి చెబితే, "కుబుసం విడుస్తుందేమో అత్తయ్యా, అప్పుడు తినదు. కళ్లు తెల్లగా అయ్యాయేమో చూడండి" అంది. దాని కళ్లలోకి చూసేటంత చనువు మాకు ఇంకా రాలేదు. కొత్త ఇంటి సంగతి నేను చెప్పలేదు కాబట్టి ఆమె అడగలేదు.

వదినకు తెలిసింది. వదినకు తెలియకుండా మా ఇంట్లో పాలు కూడా పొంగవు.

షోకేసు ముందు నడుం వంచి చాలాసేపు చూసింది. పాము ఒక మూల చుట్టుకుని కదలకుండా ఉంది.

"ఎన్నాళ్లైంది తిని?"

"కార్తీకం పట్టిన కాడ్నించీ లేదు ఒదినా."

"మరేటి, ఇంకా నీకర్దం కాలేదేటే? నియమం పట్టింది" అంది వదిన. "సూడు, ఆ ధ్యానం సూడు. పురాణం సదవడం ఒకటే కాదు మరదలా, కంటికెదురుగా ఉన్నది సూసుకోవాల."

నేను నమ్మేశాను. ఎందుకు నమ్మానని ఎవరైనా అడగొచ్చు. దేవుడు ఏనుగు మొర విన్నాడని, సాలీడు చేసిన పూజ అందుకున్నాడని ప్రతి కార్తీకంలోనూ నా నోటితో నేనే చదువుతాను. చదివినదాన్ని మా ఇంట్లో జరిగితే మాత్రం నమ్మకూడదా? పైగా అది ఎలకను తినలేదంటే దిగులు పడాల్సింది పోయి, పవిత్రమాసంలో మా ఇంట్లో ఆ పని తప్పింది కదా అని ప్రాణం తేలికపడింది. అలా తేలికపడినప్పుడు మనిషికి ఏ మాటైనా ఇట్టే నమ్మబుద్ధి అవుతుంది.

గురువారానికల్లా వీధంతా తెలిసింది. సత్సంగానికి ఎప్పుడూ రానివాళ్లు వచ్చారు. నేను ఉపవాస మహిమ మీద మాట్లాడాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు. మాట్లాడుతూ మధ్యలో షోకేసు వైపు చెయ్యి చూపించాను. అందరూ అటు తిరిగి దండం పెట్టారు. పాము పేరుగల ఆ పెద్దమనిషి అందరికంటే ముందు లేచి పెట్టారు.

దీనివల్ల దెబ్బతిన్నది మా ఆయన. ఏటేటా కార్తీకం సగమయ్యేసరికి ఆయనకు గోపాలపూర్‌లో ఏదో పని పడుతుంది. గోపాలపూర్ సముద్రం ఒడ్డున ఎలాంటి చేపలు దొరుకుతాయో ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరం అడగం. ఆ ఏడు వదిన గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏరా, ఎక్కడికి?"

"గోపాలపూర్ అప్పా. వసూళ్లున్నాయి."

"పాము మానీసింది. నువ్వు మానలేవేట్రా?"

ఆయన చెప్పులు విప్పేశారు. ఆ రోజు షోకేసు ముందు నిలబడి పామును ఆయన చూసిన చూపు నాకు గుర్తుంది. అంతవరకూ ఆయనకు భయమే ఉండేది. ఆ రోజు నుంచి కోపం కూడా వచ్చింది.

ఏకాదశి నాడు పంచుక మొదలైంది. ఇక్కడ ఒడియావాళ్ల లెక్కన కార్తీకం పున్నమితో ముగుస్తుంది, ఆ చివరి అయిదు రోజుల్నీ పంచుక అంటారు. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని ఒడియావాళ్లూ మేమూ ఒకేలా చెప్పుకుంటాం. కొంగ మాట ఏమో గానీ మా పాము మాట పక్కా. పొద్దున్నే పక్కవీధి ఒడియా ఆడవాళ్లు అరటిపళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "మాఉసీ, టికే దర్శన హేబ కి?" అని అడిగారు. కొంచెం దర్శనం అవుతుందా పిన్నీ అని. ఒకావిడ పాలు తెచ్చింది. పాము పాలు తాగదని కోడలు చెప్పిన మాట గుర్తుంచుకుని, చెంబు నేనే తీసుకుని తోడు పెట్టాను.

ఆ మధ్యాహ్నం నేను ఉపవాసం. పక్కింటివాళ్లు పప్పులో నెయ్యి తాలింపు వేశారు. జీలకర్ర చిటపటలాడిన చప్పుడు కూడా వినిపించింది. జపమాల చేతిలోనే ఉంది, నామం నోటిలోనే ఉంది, నా ముక్కు మాత్రం గోడ దాటి వెళ్లిపోయింది. సిగ్గుపడి దాన్ని వెనక్కి లాక్కుంటుంటే ఒక సంగతి తోచింది.

చిన్నప్పటి నుంచి ఏకాదశులు చేస్తున్నాను. ఉపవాసం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఉపవాసం ఉన్నవాళ్లకు నాలుగిళ్ల అవతలి వంట తెలుస్తుంది. ఆకలి ఉండి తినకపోవడం నియమం. ఆకలే లేకపోవడం జబ్బు. నేను ఎలకను ముక్కు దగ్గర పెట్టినప్పుడు ఈ పాము ముఖం తిప్పుకోలేదు. నాలుక కూడా బయటపెట్టలేదు. అసలు అక్కడ ఏదో ఉందని దానికి పట్టనే లేదు.

జపమాల పక్కన పెట్టి లేచాను. షోకేసు తలుపు తీశాను. అంకె ముప్పై ఒకటి అంటోంది. చెయ్యి లోపల పెట్టి చెక్కను తాకాను. వానాకాలంలో గుడి అరుగు ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా ఉంది. వెచ్చటి కొస ఇదీ, చల్లటి కొస అదీ అని లేదు, అంతా ఒకటే. అప్పుడు, కళ్లు తెరిచే ఉండి, పాము మీద చెయ్యి వేశాను. అంతకుముందెప్పుడూ ముట్టుకోలేదు. మెత్తగా ఉంటుందని, పట్టుబట్టలా ఉంటుందని నాకు తెలియదు. చల్లగా ఉంది. నా వేలి కింద చాలాసేపటికి ఒక్కసారి కదిలింది.

వరండాలో వదిన, ఇంకో నలుగురు దర్శనానికి కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే కోడలికి వీడియో ఫోన్ చేశాను. దాచినదంతా చెప్పాను. షోకేసు, చెక్క, మ్యాట్. ఫోన్‌ను షోకేసు వైపు తిప్పి చూపించాను.

"అత్తయ్యా, మ్యాట్ చెక్క కింద, బొడిపె మ్యాట్ మీదే ఉందా?" అంది కోడలు.

"అవునమ్మా."

"అయితే అది మ్యాట్ వేడి చూపిస్తోంది. పాము వేడి కాదు. దానికి చలి. చలిలో తిన్నది అరగదు, అందుకే తినట్లేదు. మీరు భయపడకండి. మ్యాట్ లోపల పెట్టి, మీద పల్చటి టైల్ పెట్టండి. బొడిపె టైల్ మీద అంటించండి. ఇవాళ ఏమీ తినిపించకండి. రెండు రోజులు బాగా వెచ్చబడ్డాక చిన్న ఎలక పెట్టండి. ఇంకా ఆలస్యం చేయొద్దు, చిక్కిపోయినట్టుంది."

భయపడొద్దని ఆ పిల్లే నాకు చెప్పాల్సి వచ్చింది.

టైల్ కోసం వెతుకుతుంటే మా ఆయన పెరట్లోంచి స్నానాలగదికి వేయగా మిగిలిన టైల్ తెచ్చారు. షోకేసులో చెయ్యి పెట్టి ఆయనే అమర్చారు. పెట్టేటప్పుడు ఊపిరి బిగపట్టారని తెలుస్తూనే ఉంది. తరవాత స్కూటర్ మీద కొట్టుకు వెళ్లి, చలికాలం అమ్మకానికి తెచ్చిన ఉన్ని దుప్పట్లు రెండు తెచ్చి, గాలికి చోటుంచి, మూడు పక్కలా కప్పారు.

"నీకు దానిమీద కోపం గదేట్రా?" అంది వదిన.

"నియమం పట్టిందనుకున్నప్పుడు కోపం అప్పా. సలేస్తన్నాదంటే కోపమెందుకు?" అన్నారు.

రెండు రోజులకు పాము ఆ టైల్ మీదికి వచ్చి పరుచుకుని పడుకుంది. మూడో నాటికి నేను తలుపు దగ్గరకు వెళితే తల ఎత్తి నాలుక ఆడించింది. ఎలక పెట్టాల్సిన రోజు వచ్చింది. అది చతుర్దశి. మర్నాడు పున్నమి.

వదిన పొద్దున్నే దిగింది. "ఒక్క రోజు ఆగలేవేటే? పున్నం ఎల్లాక నీ ఇష్టం. ఇన్నాళ్లున్నది ఇంకో రోజుండలేదా? పంచుకలో, ఇంట్లో, ఎలక. మనం ఎవరికి మొహం సూపించాల?"

వదిన మాటకు నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు కూడా గట్టిగా చెప్పలేదు.

"ఒదినా, నియమం ఎవరు పడితే ఆళ్లది. అది పట్టలేదు. నాను సలిలో పెట్టి దానిసేత పట్టించాను. దాని ఉపాసం పుణ్యం దానికి రాదు, పాపం మాత్రం నాకొస్తాది."

"అలగని నీ పురాణంలో ఉందేటి?"

"ఆకలేసినోళ్లకి పెట్టమని ఉంది. పామైతే మానీమని ఎక్కడా లేదు."

వదిన వరండాలోకి వెళ్లి కూర్చుని తాళాలు తీసి గట్టిగా భజన ఎత్తుకుంది, లోపల జరిగేది చెవిన పడకుండా. దర్శనానికి వచ్చినవాళ్లు ఆవిడతో కలిశారు. నేను మెట్ల గదికి వెళ్లాను. కోడలు వేరుగా పెట్టిన మగ్గులో నీళ్లు వెచ్చబెట్టాను. మళ్లీ వరండాలోకి వచ్చాను.

"ఒదినా, తాళం ఆపాల. దానికి అదురు తెలుస్తాది, బెదురుతాది."

మా సత్సంగం పుట్టాక భజన మధ్యలో తాళం ఆపమన్నది ఎవరూ లేరు. వదిన నన్ను చూసింది. తాళాలు ఒళ్లో పెట్టుకుంది. అందరూ నోళ్లు మూసుకున్నారు.

ఈసారి ముఖం తిప్పుకోలేదు. పట్టకారుతో ఎలకను పట్టుకుని, దేవుడికి నైవేద్యం పెట్టేటప్పుడు మనసులో ఎలా ఉంటుందో అలాగే ఉండి, చెయ్యి చాచాను. పాము నాలుక ఆడించింది. ఆగింది. మళ్లీ ఆడించింది. నా మొక్కులన్నీ ఆ నాలుక చివర నిలబడ్డాయి. అప్పుడు అది ఒక్క ఉదుటున అందుకుని చుట్ట చుట్టేసింది.

"తలకాయ కాడ్నించి తింతన్నాదే" అని నా భుజం వెనక నుంచి వినిపించింది. వదిన. ఎప్పుడు వచ్చిందో తెలియదు. పూర్తిగా మింగేదాకా అక్కడే నిలబడి చూసింది. దాని గొంతు దగ్గర ఉబ్బు మెల్లగా కిందికి జారుతుంటే వదిన కూడా గుటకలు వేసింది. తరవాత కొంగు తల మీదికి లాక్కుని, "నాను సూడలేదు" అని వెళ్లిపోయింది.

నేను పెరట్లో స్నానం చేసి కోడలికి ఫోన్ చేశాను.

"తింది" అన్నాను.

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"మీరే పెట్టారా అత్తయ్యా?"

"నానే."

"పంచుకలోనా?"

"పంచుకలోనే."

"మరి స్నానం?"

"రెండుమార్లు సేసినాను. పెట్టక ముందు ఓపాలి, పెట్టేక ఓపాలి."

"ఈ ముసురులో చన్నీళ్లతోనా?" అని కోడలు కేకలేసింది. కాపురానికి వచ్చాక నా మీద ఆమె కేకలేయడం అదే మొదలు. "పాముకి వేడి సరిపోయింది, ఇప్పుడు మీకు జ్వరం వస్తే? మావయ్యకి ఫోనివ్వండి."

ఇచ్చాను. అటు నుంచి ఏం చెప్పిందో తెలియదు. మా ఆయన "సరేనమ్మా, అలాగేనమ్మా" అంటూ ఫోన్ పెట్టేసి, షోకేసు మీంచి ఒక ఉన్ని దుప్పటి తీయబోయి, ఆగి, పాము వైపు చూసి, దాన్ని అలాగే ఉంచి, నాకు ఇంకొకటి తేవడానికి స్కూటర్ తీశారు.